మారిన దుర్మార్గుడి కథను జనం నిజంగా చెప్పుకుంటారా?

నవల చివర్లో మీ విలన్ మారిపోతాడు, ఆ తర్వాత తరతరాలుగా అతని కథను ఊరూరా చెప్పుకుంటారు. ఇది నమ్మేలా ఉందా అని మీరు అడిగారు. చెప్పుకుంటారు. కానీ అతని చేతిలో నష్టపోయినవాళ్లు చెప్పుకోరు. ఆ సంగతి కూడా నవల్లో ఉంటేనే ముగింపు నిలబడుతుంది.

మాది కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు పల్లె. ఫ్యాక్షన్ రోజుల్లో మా ఊళ్లో ఒకాయన ఎదురొస్తే జనం దారి మార్చుకునేవారట. నాకు ఊహ తెలిసేసరికే ఆయన రాజీ చేసుకుని కక్షలు వదిలేశాడు. తన బోరు నీళ్లు అడిగినవాళ్లందరికీ వదిలేవాడు. కరువులో మా చేను బతికింది ఆ నీళ్లతోనే. ఆయన మారిన వైనం మా ఊళ్లో ఎవరు ఎత్తుకున్నా కొంచెం పెరుగుతుంది. కలలో స్వామి కనిపించాడని ఒకరంటారు, తల్లి కాళ్ల మీద పడి ఏడ్చాడని ఇంకొకరంటారు.

మా అమ్మ పుట్టినూరు అక్కడికి దగ్గరే. ఆ ఊళ్లో ఈ కథ లేదు. మా మేనమామ భార్య అన్న ఆ గొడవల్లోనే పోయాడు. బోరు మాట వస్తే అత్త అనేది ఒక్కటే: "నీళ్లిచ్చినాడంట, సంతోషం. మా అన్నను తెచ్చిచ్చినాడా?" ఆమెది మొండితనం అంటే నేను ఒప్పుకోను.

మా వైపే, తుగ్గలి మండలం ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. తొలకరి పడగానే పక్కనున్న జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఈ బండల దాకా వచ్చేవాళ్లు తక్కువ, అది చూస్తే బాధేస్తుంది. కళింగ యుద్ధంలో లక్షమంది హతమయ్యారని, లక్షన్నరమందిని చెరపట్టి తరలించారని, అందుకు తాను కుమిలిపోతున్నానని 13వ శాసనంలో రాజే చెప్పుకున్నాడు. పశ్చాత్తాపపడుతున్నా తన బలం తగ్గలేదని అడవి జనాన్ని హెచ్చరించింది కూడా అందులోనే. అయితే కళింగ నేల మీదే ఉన్న ధౌళి, జౌగడలలో ఈ శాసనం లేదు. అక్కడ మనుషులంతా నా బిడ్డలే అని అధికారులకు చెప్పే వేరే శాసనాలు వేయించాడు. కారణం ఆయన చెప్పలేదు. నాకు మాత్రం మా అత్తే గుర్తొస్తుంది. ఆ లెక్క వినేవాళ్లలో చనిపోయినవాళ్ల చెల్లెళ్లు ఉంటారు కదా!

అంత చెక్కించినా అది జనం నోట నిలవలేదు. చండాశోకుడు ధర్మాశోకుడైన కథను బౌద్ధ గ్రంథాలు కాపాడాయి కానీ, ఇక్కడ ఆ శాసనాల బ్రాహ్మీ లిపి చదివేవాళ్లే లేకుండా పోయారు. 1837లో ప్రిన్సెప్ అనే ఆంగ్లేయ పండితుడు దాన్ని చదివాడు. శాసనాల్లో ప్రియదర్శి అని చెప్పుకున్న రాజు అశోకుడేనని గట్టి రుజువు దొరికింది 1915లో, కర్ణాటకలోని మస్కి శాసనంతో.

వాల్మీకి విషయంలో ఇది తిరగబడింది. తాను పాపం చేసినట్టు గుర్తులేదని రామాయణం ఉత్తరకాండలో ఆయనే అంటాడు. బోయ దొంగ కథ అధ్యాత్మ రామాయణం వంటి తర్వాతి గ్రంథాలది. అయినా ఆ కథ తెలియని ఇల్లు లేదు. నీ పాపంలో మాకు వాటా లేదని భార్యాబిడ్డలు చెప్పే ఘట్టం ఉంది చూడండి, సంసారం ఈదే ప్రతివాడికీ అది తగులుతుంది. పైగా దోపిడీకి గురైన బాటసారులకు ఆ కథలో పేర్లు లేవు, వాళ్ల తరఫున అడగడానికి ఎవరూ రారు.

మీ నవలకు నేను సూచించేది అంగుళిమాలుడి కథ. బుద్ధుడి బోధల పాళీ సంకలనం మజ్ఝిమ నికాయంలో ఉంది. హంతకుడు భిక్షువవుతాడు, శ్రావస్తిలో భిక్షకు వెళ్తే జనం రాళ్లు, కర్రలు విసురుతారు. నెత్తురు కారుతూ తిరిగొస్తే, ఓర్చుకో అంటాడు బుద్ధుడు. అదే మనిషి ప్రసవవేదన పడుతున్న స్త్రీ దగ్గరికి వెళ్లి పలికిన సత్యవాక్యాన్ని, అంటే ఈ సత్యం వల్ల నీకు మేలు కలగాలి అనే మాటను, శ్రీలంకలో ఇప్పటికీ సుఖప్రసవం కోసం గర్భిణుల దగ్గర పఠిస్తారు. కాన్పు సమయంలో పనికొచ్చే మాట కాబట్టే ఇన్ని తరాలు వదల్లేదని నా నమ్మకం. మీ విలన్ కథకు కూడా జనం బతుకులో అలాంటి వాడుక ఒకటి కల్పించండి, రాళ్లు విసిరేవాళ్లను మాత్రం కథలోంచి తీసేయకండి.