ఆస్తి రాయించుకున్న కొడుకు తల్లిని చూడకపోతే, బంధువు కానివాళ్లు ఏం చేయగలరు?

మీరు అడిగింది ఇదీ: మీ వీధిలో డెబ్బై దాటిన పెద్దావిడ ఇల్లూ, ఎకరం పొలమూ కొడుకు పేరున రాసిచ్చింది. అతను ఇప్పుడు తిండి సంగతి కూడా చూడటం లేదు. బంధువులు కాని మీరు ఆమె తరఫున నిలబడవచ్చా? నిస్సందేహంగా నిలబడవచ్చు. ఇందుకోసమే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ఉంది. దాని సెక్షన్ 5 ప్రకారం ఆమె సొంతంగా తిరగలేకపోతే, ఆమె అధికారమిచ్చిన ఏ మనిషైనా, సంస్థైనా దరఖాస్తు పెట్టవచ్చు. ఆ అధికారాన్ని తెల్లకాగితం మీద రాసి, ఆమెకు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేయించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించండి.

అంతకంటే ముందు ఆమెతో ఒంటరిగా కూర్చుని మాట్లాడండి. ఇలాంటి కేసులు ఎక్కువగా వాయిదాకు ముందు రాత్రి చెడిపోతాయి. కొడుకో కోడలో వచ్చి కాళ్లావేళ్లా పడతారు, లేదంటే మనవడిని పంపిస్తారు. పొద్దున్నే ఆవిడ "కన్నకొడుకు మీద కేసేంటి, వద్దులే నాయనా" అంటుంది. ఆవిడను తప్పు పట్టడానికి లేదు. రేపు జ్వరమొస్తే పిలవాల్సింది ఆ కొడుకునే. కాబట్టి ఆమెకు కావలసింది నెలనెలా డబ్బా, ఉండటానికి ఒక గదా, రాసిచ్చిన ఇల్లు వెనక్కా అన్నది ఆమె నోటితోనే చెప్పించండి. ఎంతవరకు గట్టిగా నిలబడుతుందో అంతే అడగండి. మీకున్న కోపం పిటిషన్‌లోకి రాకూడదు. ఆవిడ ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం అస్సలు వద్దు. కొడుకు పరువు పోయిందని ముందు కుమిలిపోయేది ఆమే.

తర్వాత కాగితాలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), దస్తావేజు నకలు తీయండి. "రాసిచ్చేశా" అన్న మాటను నమ్ముకుని ముందుకెళ్లకండి. అది వీలునామా అయితే ఆస్తి ఇంకా ఆమెదే, బతికున్నంతకాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి ఇచ్చేసే దానపత్రం) అయితే లోపలి షరతులు ఒక్కో వాక్యం చదవండి. చట్టం వచ్చాక రాసిన దస్తావేజును, పోషిస్తానన్న షరతు తప్పితే, సెక్షన్ 23 కింద రద్దు చేయమని అడగవచ్చు. చాలా దస్తావేజుల్లో "ప్రేమాభిమానములచేత ఇచ్చితిని" అని ఉంటుంది తప్ప పోషణ మాట ఉండదు. చిక్కంతా అక్కడే. షరతు ఉందని పిటిషన్‌లో చెప్పకపోతే, రుజువు చేయకపోతే రద్దు కుదరదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయితే 2025 జనవరిలో మధ్యప్రదేశ్ కేసులో, చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితాన్నీ లెక్కలోకి తీసుకుని, చట్టాన్ని ఉదారంగా చదవాలంటూ దానపత్రం రద్దు చేసింది. అందుకే పెద్దమనుషుల ముందు రాసుకున్న ఒప్పందం, పాత ఉత్తరం, ఏదున్నా వెతకండి.

దరఖాస్తు ఆర్డీఓ (రెవెన్యూ డివిజన్ అధికారి) ఆఫీసులో ఇవ్వాలి. ఈ చట్టం కింద కేసులు విచారించే ట్రిబ్యునల్ ఆయన దగ్గరే ఉంటుంది. సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో పడేస్తే మామూలు ఫిర్యాదుగా స్టేషన్‌కు పోయి, "కౌన్సెలింగ్ చేశాం" అన్న ఒక్క ముక్కతో మూసేసే ప్రమాదం ఉంది. పైన తలకట్టులోనే "2007 చట్టం సెక్షన్ 5 కింద దరఖాస్తు" అని రాయండి. ఆస్తి కూడా అడుగుతుంటే సెక్షన్ 23 కలపండి. కొడుకులు, కూతుళ్లు అందరి పేర్లు, చిరునామాలు, ఉద్యోగం, పొలం వివరాలు ఇవ్వండి. ఒక్కడినే చేరిస్తే "మిగతావాళ్ల సంగతేంటి?" అని వాయిదా పోతుంది. నెల ఖర్చు విడివిడిగా చూపించండి: బియ్యం, పాలు, గ్యాసు, కరెంటు, బీపీ మాత్రలు, ఆసుపత్రికి ఆటో. మందుల చీటీలు జత చేయండి. చట్టంలో గరిష్ఠం నెలకు 10,000 రూపాయలు. తీర్పు వచ్చేదాకా మధ్యంతర పోషణ ఇప్పించమని అదే కాగితంలో అడగండి, చాలామంది ఇది మర్చిపోతారు. "పింఛను వస్తోందిగా" అని అవతలివాళ్లు అంటారు. పింఛను వచ్చినంత మాత్రాన పిల్లల బాధ్యత తీరిపోదు. మీ కాపీ మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.

వకీలు లేకుండానే నడవాలన్నది ఈ చట్టం ఉద్దేశం. రాయడానికి సాయం కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఫోన్ 15100. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కొడుతున్నా, బయటికి గెంటినా ఆ రాత్రే 112కి చేయండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, కారణం రాసి ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. ఈలోపు ఆమె బ్యాంకు పాస్‌పుస్తకం చూడండి. ఖాతాకు కట్టిన ఫోన్ నంబరు కొడుకుదై ఉంటుంది, ఏటీఎం కార్డు కోడలి పర్సులో ఉంటుంది. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి నంబరు మార్పించండి, పాత కార్డు ఆపించండి. లేకపోతే గెలిచిన డబ్బు తిరిగి అతని చేతికే పోతుంది. ఫలానా తేదీలోపు ఆమె ఖాతాలోనే జమ చేయాలని ఉత్తర్వులో రాయించమని అడగండి.

ఉత్తర్వు వచ్చాక రెండు నెలలు వేసి ఆపేసేవాళ్లు ఎక్కువ. అప్పుడు మళ్లీ ట్రిబ్యునల్‌కే దరఖాస్తు పెట్టాలి. వారంట్‌తో వసూలు చేయించవచ్చు, అప్పటికీ కట్టకపోతే నెల వరకు జైలు. కానీ బాకీ పడిన తేదీ నుంచి మూడు నెలల్లోపే అడగాలి. "వచ్చే నెల వేస్తాడట" అంటూ ఆగితే ఆ నెల బాకీకి వారంట్ రాదు. ప్రతి నెలా గడువు తేదీ మర్నాడు పాస్‌పుస్తకంలో ఎంట్రీ వేయించి చూడండి.