అక్కయ్యకి పచ్చలు కొనేముందు

చెన్నై

చి. అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

అక్కయ్య 60వ పుట్టినరోజుకి నీ జీతం డబ్బులతో పచ్చరాయి ఉంగరం చేయిస్తానన్నావు. వినగానే కడుపు నిండింది. కానీ ఉంగరం వద్దమ్మా. అక్కయ్య చేతులు రోజంతా వంటింట్లోనే ఉంటాయి. పచ్చ గట్టి రాయే, రాళ్ల గట్టిదనం చెప్పే మోస్ కొలతలో పదికి 7.5 నుంచి 8 దాకా ఉంటుంది. అయినా లోపల పుట్టుకతోనే సన్నటి పగుళ్లుంటాయి. సింక్ అంచుకి గట్టిగా తగిలితే విరగొచ్చు. కమ్మలు చేయించు.

పగుళ్లని చూసి భయపడకు. సానపట్టాక దాదాపు ప్రతి పచ్చకీ నూనె పట్టిస్తారు. అది పగుళ్లలోకి దిగి వాటిని కప్పేస్తుంది. అందులో తప్పు లేదు, చెప్పకుండా అమ్మితేనే మోసం. నేను పనిలో చేరిన కొత్తల్లో ఒకావిడ పచ్చల నెక్లెస్‌ని వజ్రాల నగలతో పాటు నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషిన్‌లో వేసేశాను. బయటికి తీసేసరికి మధ్య రాయి నిండా సాలెగూడులా తెల్లటి గీతలు! రాయి పగల్లేదు, నూనె పోయింది. మళ్లీ పట్టించి ఇచ్చాం కానీ ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్షు, అంతకు మించి ఏమీ వాడొద్దని అక్కయ్యకి చెప్పు.

టి.నగర్ కొట్లలో లైట్ల కింద ఏ రాయైనా ముద్దొస్తుంది. పొదగని రాళ్లే చూపించమను. మన పాతకాలం పనిలో రాయి వెనక తళుకు రేకు పెట్టి మూసేస్తారు, పాలిపోయిన రాయి కూడా నిండుగా కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద పెట్టి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో, 10 రెట్ల లెన్స్‌తో చూడు. లోపల నాచు అల్లుకున్నట్టుంటే మంచిదే. గుండ్రటి బుడగలుంటే గాజు అనుకో. మచ్చ లేకుండా నిగనిగలాడుతూ చవగ్గా ఉంటే ల్యాబ్‌లో పెంచినదై ఉండొచ్చు. పదార్థం అసలు పచ్చరాయిదే కాబట్టి కంటితో తేల్చలేం, రత్నాల ల్యాబ్ రిపోర్టు అడగాలి. నూనె ఎంత పట్టించారో కూడా అందులో ఉండాలి.

లేత నిమ్మాకు రంగు రాయి పచ్చ పేరుతో చూపిస్తే అది పెరిడాట్ అనే వేరే రాయి కావచ్చు. లెన్స్‌లో పైనుంచి చూస్తే అడుగు అంచులు రెండేసిగా కనిపిస్తాయి. చక్కటి రాయే, కానీ పచ్చ ధర పెట్టకూడదు.

కొలంబియా రాయంటూ రేటు పెంచుతారు. ఆ పేరుకి పడిపోకు. జాంబియా పచ్చల్లో కాస్త నీలం కలిసి ఉంటుంది, అక్కయ్య చామనచాయకి అదే నప్పుతుందని నాకనిపిస్తుంది. మన రాజస్థాన్‌లోనూ 1943లో పచ్చలు బయటపడ్డాయి. ఎక్కడివైనా జైపూర్‌లో సానపట్టి ఇక్కడికి రావడం మామూలే.

శనివారం పొద్దున పదిన్నరకి పానగల్ పార్క్ దగ్గరుంటాను, లెన్స్ నేను తెస్తాను. సైజు చూడ్డానికి అక్కయ్య పాత కమ్మ ఒకటి తీసుకురా. అడిగితే శీల వదులైందని చెప్పు.

మీ మావయ్య