అప్పీలులో పెట్టనిది కోర్టులో చెల్లదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలో నీ కంపెనీ ఇచ్చిన లాంగ్ టర్మ్ డిసెబిలిటీ పాలసీ (ఒంట్లో బాగోక చాలాకాలం పని చేయలేకపోతే జీతంలో కొంత ఇచ్చే ఇన్సూరెన్స్) కాగితాలు ఇంకా చూడలేదన్నావు. ఒంట్లో బాగున్నప్పుడే చదవాల్సినవి అవి. హెచ్‌ఆర్ పంపే బ్రోషర్ చాలదు, ప్లాన్ డాక్యుమెంటే అడుగు. రాతపూర్వకంగా అడిగితే ప్లాన్ అడ్మినిస్ట్రేటర్ 30 రోజుల్లో ఇవ్వాలి.

ముందు అందులో డిసెబిలిటీ అంటే ఏమని రాశారో చూడు. చాలా గ్రూప్ పాలసీల్లో మొదటి 24 నెలలు నీ వృత్తి చేయలేకపోతే చాలు. ఆ తర్వాత నీ చదువుకూ అనుభవానికీ తగిన ఏ పనీ చేయలేవని తేలాలి. రెండేళ్లు సక్రమంగా వచ్చిన డబ్బు ఉన్నట్టుండి ఆగేది ఇక్కడే.

జీతంలో 60 శాతం అని ఉన్నా అంతా చేతికి రాదు. అక్కడి ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ భత్యం మంజూరైతే ఆ మేరకు కోస్తారు. దాని పాత బకాయి ఒక్కసారిగా వస్తే ఖర్చు పెట్టకు, ఇన్సూరెన్స్ వాళ్లు వెనక్కి అడుగుతారు. ప్రీమియం కంపెనీ కడితే వచ్చే డబ్బుపై పన్ను పడుతుంది. పన్ను పోగా మిగిలిన జీతంలోంచి నువ్వే కడితే పడదు. ఎన్‌రోల్‌మెంట్‌లో ఆ వీలుంటే అదే ఎంచుకో.

ఇక క్లెయిమ్ తిరస్కరిస్తే. ఉత్తరం అందిన రోజు నుంచి, ఇన్సూరెన్స్ వాళ్లకే పెట్టుకునే అప్పీలుకు 180 రోజులుంటాయి. కోపంలో మర్నాడే ఒక పేజీ రాసి పంపేస్తారు చాలామంది. అంతకంటే నష్టం మరొకటి లేదు. కంపెనీలు ఉద్యోగులకిచ్చే ఇలాంటి ప్లాన్లకు వర్తించే 1974 నాటి ఎరీసా చట్టం కింద కేసు కోర్టుకెళ్తే, జడ్జి సాధారణంగా అప్పటికే ఫైల్లో ఉన్న కాగితాలే చూస్తారు. కొత్త సాక్ష్యానికి దాదాపు చోటుండదు. అందుకే లాయరు సలహా కూడా అప్పీలుకు ముందే తీసుకోవాలి. (ప్రభుత్వ ఉద్యోగుల ప్లాన్లకు మాత్రం ఎరీసా వర్తించదు.)

మొదట క్లెయిమ్ ఫైలంతా అడుగు, ఉచితంగా ఇవ్వాలి. నిన్ను చూడకుండా కాగితాలు తిరగేసిన వాళ్ల డాక్టరు ఏం రాశాడో చదివి, ఒక్కో మాటకూ జవాబు సిద్ధం చెయ్యి. మీ డాక్టరు "ఈమె పని చేయలేరు" అని మాత్రమే రాస్తే నిలవదు. ఎన్ని నిమిషాలు కూర్చోగలవు, ఎన్ని పౌండ్లు ఎత్తగలవు, నెలలో ఎన్ని రోజులు పనికి రాలేవు, ఏ పరీక్ష ఆధారంగా అంటున్నారు — ఇవి ఉండాలి. నొప్పి, నీరసం లాంటివి స్కాన్‌లో కనబడవు కాబట్టి ఒళ్లు ఎంత పనికి ఓర్చుకోగలదో కొలిచే ఫంక్షనల్ కెపాసిటీ పరీక్ష చేయించుకో. ఫారాల్లో కాస్త నయంగా ఉన్న రోజుల గురించీ దాచకుండా రాయి. వాళ్లు చాటుగా వీడియో తీయించడం కద్దు, నువ్వు బజారుకెళ్లిన పది నిమిషాల వీడియో నీ రాతను అబద్ధం చేయకూడదు.

అప్పీలు మీద నిర్ణయానికి వాళ్లకు 45 రోజులు గడువు, తగిన కారణం చూపితే మరో 45. ఈలోగా వాళ్లు కొత్త డాక్టరు రిపోర్టు తెప్పిస్తే, నిర్ణయానికి ముందే నీకు పంపి జవాబిచ్చే అవకాశమివ్వాలి. అది వచ్చిన రోజే మీ డాక్టరుకి చేర్చు.

దీవెనలతో,
మీ పెదనాన్న