కరెంటు తీగల మీదే సిగ్నల్ పంపి బోరు మోటార్లను అదుపు చేయొచ్చా?

సబ్‌స్టేషన్ నుంచి తీగల మీదే సిగ్నల్ పంపి బోరు మోటార్లను ఆపడం, వేయడం కుదురుతుందా, మన వరంగల్ వైపు పనికొస్తుందా అని అడిగారు. కుదురుతుంది. మాది నర్సంపేట దగ్గరి పల్లె. కొన్నేళ్లు న్యూజిలాండ్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. అక్కడ 1950ల నుంచి ఇళ్లలోని వేడినీళ్ల ట్యాంకులను ఇలాగే నడుపుతున్నారు. రిపుల్ కంట్రోల్ అంటారు.

కరెంటు 50 హెర్ట్జ్ కదా, దాని మీద సబ్‌స్టేషన్‌లో 317 హెర్ట్జ్, 1050 హెర్ట్జ్ లాంటి ఇంకో ఫ్రీక్వెన్సీని తక్కువ వోల్టేజీతో కలుపుతారు. అది ఆగి ఆగి వచ్చే వరుసే కోడ్. మీటరు బోర్డులోని రిలే, అంటే సిగ్నల్‌ను బట్టి పనిచేసే స్విచ్, తన కోడ్ రాగానే హీటర్‌ను కట్ చేస్తుంది. ట్యాంకులో నీళ్లు గంటల తరబడి వేడిగానే ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియను కూడా తెలియదు.

నాకు బాగా నచ్చింది మాత్రం మళ్లీ వేసే పద్ధతి. అన్నీ ఒక్కసారి వేయరు, ఒక గుంపు తర్వాత ఇంకో గుంపు వేస్తారు. మన దగ్గర లేనిది అదే. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు రాకముందు, త్రీఫేజ్ వచ్చిందంటే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. లేచేటప్పుడు మోటరు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోయేది, మోటార్లు కాలిపోయేవి. యాసంగి నాట్ల టైంలో ట్రాన్స్‌ఫార్మర్ పోతే రైతులంతా తలా ఇంత వేసుకుని, దాన్ని ట్రాక్టర్ మీద రిపేరుకు తీసుకెళ్లేవాళ్లు. మడి ఎండుతుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాను. పది నిమిషాల తేడాతో గుంపులుగా లేచి ఉంటే అందులో చాలా నష్టం తప్పేది.

అయితే మోటార్లకు పెట్టే కెపాసిటర్లు ఈ సిగ్నల్‌ను మింగేస్తాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కెపాసిటర్ అడ్డు తగ్గుతుంది, సిగ్నల్ అటే పోతుంది. అందుకే మన ఫీడర్లకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లకు, 1050 కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీయే నయం. పైగా పాత రిపుల్ పద్ధతిలో సిగ్నల్ ఒకవైపే పోతుంది. రిలే పనిచేసిందో లేదో సబ్‌స్టేషన్‌కు తెలియదు, మొత్తం లోడు తగ్గిందా అని చూసుకోవాల్సిందే.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. సిగ్నల్‌తో మోటరు దానంతట అదే స్టార్ట్ కాకూడదు. ఎవరైనా బావిలో దిగి ఫుట్‌వాల్వ్ చూస్తుండొచ్చు, స్టార్టర్ విప్పి ఉండొచ్చు. సిగ్నల్ ఆపడానికి, వేసుకోవచ్చని తెలపడానికి ఉండాలి. బటన్ రైతే నొక్కాలి.

ఒక్క బోరుకైతే ఫోన్‌తో నడిచే మొబైల్ స్టార్టర్ చాలు. టవర్ అందని చోట, ఫీడర్ మొత్తానికి ఒకేసారి చెప్పాలంటే రిపుల్‌కు ఇప్పటికీ విలువ ఉంది. కాకపోతే సిగ్నల్ పంపే యంత్రం సబ్‌స్టేషన్‌లో పెట్టాలి కాబట్టి అది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) చేయాల్సిన పని, ఒక రైతు సొంతంగా పెట్టుకునేది కాదు.