డింకినెష్ మీద వ్యాసం రాసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అంది పది రోజులైంది. రెండుసార్లు చదివాను. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అని చివర్లో రాశావు కాబట్టి మొహమాటపడను.

మొదటి పేరాలో డైనోసార్లు ఎందుకొచ్చాయమ్మా? నువ్వు రాస్తున్నది డింకినెష్ గురించి. అంగారకుడికీ గురుడికీ మధ్య తన దారిన తాను సూర్యుడి చుట్టూ తిరుగుతున్న రాతిముక్క అది. మన జోలికి రాదు. నువ్వేమో మెక్సికో దగ్గర పడి డైనోసార్లను అంతం చేసిన రాయితో మొదలుపెట్టి, "ఏ క్షణంలోనైనా" అని బెదిరించి, రెండో పేజీలో గానీ అసలు పెద్దమనిషిని లోపలికి పిలవలేదు. టెన్షన్ పెడితే తప్ప ఎవరూ చదవరని నీకెవరు చెప్పారో గానీ, పెళ్ళి కబురు చెప్పడానికొచ్చి చావు కబురు మొదలెట్టినట్టుంది. ఆ పేరా మొత్తం కొట్టెయ్.

నాలుగు చోట్ల దాన్ని ఉల్క అన్నావు. మన గాలిలోకి వచ్చి మండేది ఉల్క. ఇది గ్రహశకలం. ఆ మాట కూడా నాకు పూర్తిగా నచ్చదనుకో. శకలం అనగానే ఏదో నిండు గ్రహం పగిలిందనిపిస్తుంది. రెండొందల ఏళ్ళ కింద ఓల్బర్స్ అనే జర్మన్ ఖగోళవేత్త అలాగే అనుకున్నాడు. గురుడి లాగుడుకి అక్కడ గ్రహం కుదురుకోనే లేదని ఇప్పుడంటున్నారు. కుండ కాకుండానే మిగిలిపోయిన మట్టి అన్నమాట. ఆ తర్వాత పెద్దవి ఒకదాన్నొకటి గుద్దుకుని చిన్నవి పుట్టాయి, అది వేరే సంగతి. మాట ఎలాగూ పాతుకుపోయింది, వాడు.

"రాళ్ళ వానలో తప్పించుకుంటూ లూసీ నౌక దూసుకుపోయింది" అన్నావు. సినిమా చూసి రాశావు కదూ? 1970ల నుంచి ఈ గ్రహశకలాలు తిరిగే బెల్టును దాటిన నౌకల్లో ఒక్కటి కూడా దేన్నీ గుద్దుకోలేదు. అక్కడున్నదంతా ఖాళీయే. వెతుక్కుంటూ పోతే తప్ప రాయి ఎదురుపడదు. నాసా పంపిన ఈ లూసీ మామూలుగా తన దారిన పోయుంటే డింకినెష్‌కు 64 వేల కిలోమీటర్ల దూరం నుంచి పోయేది. 2023 జనవరిలో దాన్ని లూసీ చూడాల్సిన రాళ్ళ జాబితాలో చేర్చారు, మేలో నౌకను కాస్త పక్కకు తిప్పారు, నవంబరు 1న 430 కిలోమీటర్ల దగ్గర నుంచి వెళ్ళింది. ఆ రాయి మీద మోజుతో వెళ్ళలేదు సుమా. లూసీ అసలు పని గురుడు సూర్యుడి చుట్టూ తిరిగే దారిలోనే తిరుగుతున్న ట్రోజన్ అనే గ్రహశకలాల దగ్గర. సెకనుకు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో పోతూ కూడా కెమెరా రాయిని ఫ్రేములోంచి జారనివ్వకుండా పట్టుకోగలదా అని రిహార్సల్ వేసుకోవాలి, అంతే. 1999లో కనిపెట్టినా, అన్నేళ్ళూ నంబరు తప్ప పేరు లేకుండా గడిపిన రాయి ఆ రిహార్సల్‌కి దొరికింది. ఇంత మంచి సంగతిని నీ వ్యాసంలో బ్రాకెట్లో పెట్టి దాటేశావు!

ఇక మూడో పేరా. నా గొడవంతా దాని మీదే.

"డింకినెష్‌కు ఒక చందమామ ఉందని తేలింది, అది జంట రాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది తేలిన తీరు చూడు. నౌక అతి దగ్గరగా ఉన్నప్పుడు తీసిన ఫోటోలు ముందు వచ్చాయి. వాటిలో పెద్ద రాయి వెనక నుంచి చిన్న రాయి తొంగిచూస్తోంది. ఒకటనుకున్నాం, రెండున్నాయి అని అందరూ సంబరపడ్డారు. తర్వాత మిగతా ఫోటోలు దిగాయి. రాయిని దాటి ఆరు నిమిషాలు పోయాక, 1,600 కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫోటోలో ఆ చందమామే రెండు గుండ్లు! ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. దగ్గర నుంచి చూసినప్పుడు ఒక గుండు ఇంకోదాని వెనక సరిగ్గా దాక్కుంది. ఆనుకున్న జంట ఇంకో గ్రహశకలం చుట్టూ తిరగడం అదే మొదటిసారి చూడటం. దగ్గరికి పోతే కనపడనిది దూరం జరిగాక కనపడింది. ఈ ఆరు నిమిషాలు నీ వ్యాసంలో ఎక్కడున్నాయి?

నీకింత గట్టిగా చెప్పడానికి నా సొంత గాయం ఒకటుంది. 1993 ఆగస్టులో గెలీలియో నౌక ఐడా అనే గ్రహశకలం పక్క నుంచి వెళ్ళింది. దాని పెద్ద యాంటెన్నా పాత గొడుగులా తెరుచుకోక, ఫోటోలు నత్తనడకన వచ్చేవి. మొదట వచ్చిన బొమ్మను చూసి నేనొక వారపత్రికలో "ఒంటరి ఐడా" అని రెండు పేజీలు గుప్పించాను. ఒంటరితనం మీద కవిత్వం కూడా ఒలికించాను. మరుసటి ఏడాది మిగతా ఫోటోలు దిగేసరికి ఐడా పక్కన బుల్లి చందమామ, డాక్టిల్. గ్రహశకలానికి చందమామ ఉందని ఖాయంగా తెలిసింది అప్పుడే. సవరణ వెయ్యమని అడిగితే ఎడిటర్ గారు నవ్వి, "ఇప్పుడు పెళ్ళయిందని రాయండి" అన్నారు. ఆ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఎత్తూ వెడల్పూ ఇచ్చావు, బాగుంది. కానీ 720 మీటర్లంటే ఎవరి కళ్ళకి ఏం కడుతుంది? ఆ రాయి చుట్టూ నడిస్తే రెండు కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక రౌండు. నడవడం కుదరదనుకో, కాస్త గట్టిగా ఎగిరితే మళ్ళీ కిందికి రాము, దాని ఆకర్షణ అంతే. ఇలా ఒకటి రాస్తే చాలు, అంకెల పట్టిక అక్కర్లేదు.

డింకినెష్ రాతి జాతి గ్రహశకలం అన్న ముక్కని అలా వదిలేయకు. మన నేల మీద పడే ఉల్కాశిలల్లో ఎక్కువ భాగం ఈ బాపతు రాళ్ళ నుంచి వచ్చినవే. 2010లో జపాన్ హయబుసా నౌక ఇటోకావా అనే అలాంటి గ్రహశకలం నుంచి ధూళి తెచ్చాక ఆ చుట్టరికం ఖాయమైంది. డింకినెష్ నడుం చుట్టూ ఒక గట్టు, దానికి అడ్డంగా ఒక లోతైన గాడి ఉన్నాయి కదా, నీ దగ్గరున్న ఫోటోలోనే కనిపిస్తాయి. వాటికి కారణం ఎండ అంటున్నారు. మీద పడ్డ ఎండ వేడిగా తిరిగి పోతూ పోతూ రాయిని రవ్వంత తోస్తుంది. లక్షల ఏళ్ళు అలా తోయగా తోయగా రాయి గిరగిరా తిరిగి, ఒక పక్క జారి, రాళ్ళూ రప్పలూ విదిలించుకుంది. కొన్ని తిరిగి నడుం మీద పడి గట్టయ్యాయి, కొన్ని కూడుకుని ఆ చందమామ అయ్యాయి. వట్టి ఎండ! డైనోసార్ల జాగాలో దీన్ని పెట్టు.

పేర్ల గురించి నువ్వు రాసింది నాకు నచ్చింది, ముట్టుకోకు. నౌకకు పేరిచ్చిన, ఇథియోపియాలో 1974లో దొరికిన లూసీ అనే ఆదిమానవ అస్థిపంజరానికి అమ్హారిక్‌లో ఉన్న పేరే డింకినెష్, "నువ్వు అద్భుతం" అని. చందమామకి సెలామ్ అని పెట్టారు, అక్కడే దొరికిన పసిపాప శిలాజం పేరు. మనం పెట్టే సలాం దానికి చుట్టమేనని ఒక ముక్క కలుపుకో.

మూడో పేరా మళ్ళీ రాసి పంపు. ఈసారి ఫోన్లో వద్దు, ఆ బుల్లి అక్షరాలు నాకు ఆనడం లేదు. ప్రింటు తీసి, లైనుకీ లైనుకీ మధ్య కాస్త జాగా వదిలి పోస్టులో వెయ్యి. ఎర్రపెన్ను రీఫిల్ కొనుక్కొచ్చి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ మాస్టారు