భవన భద్రత చట్టాల్లో స్థిరపడాలంటే ఎల్‌ఎల్‌బీనా, ఎంటెక్కా?

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ సివిల్ చివరి సంవత్సరం చదువుతున్నాను. సైట్ పనికన్నా భవన నిబంధనలు, అగ్నిమాపక చట్టాలంటే ఆసక్తి. వెంటనే ఎల్‌ఎల్‌బీలో చేరాలా, ఎంటెక్ చేయాలా?

జవాబు: మీ ఆసక్తికి ఎల్‌ఎల్‌బీయే సరైన చదువు. అయితే వెంటనే చేరవద్దు. ఈ రంగంలో నిబంధనను ప్లాన్ మీద పెట్టి చూడగలిగినవారికే విలువ ఉంటుంది కాబట్టి, అనుమతుల దరఖాస్తులు తయారుచేసే ఆర్కిటెక్ట్ దగ్గరో, లైసెన్స్‌డ్ ఇంజినీర్ దగ్గరో ముందుగా ఒకటి రెండేళ్లు పనిచేయండి. సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) ఎంత వదిలారు, మెట్ల వెడల్పు సరిపోతుందా, పార్కింగ్‌గా చూపిన సెల్లార్‌ను గోదాముగా మార్చారా, భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఎందుకు ఆగింది అనేవి ఏ కళాశాలా అంత బాగా నేర్పదు.

భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోని నాలుగో భాగం అగ్ని ప్రమాదాల నుంచి రక్షణకు సంబంధించినది. అది స్వతహాగా సిఫార్సు మాత్రమే. రాష్ట్రాలు తమ నిబంధనల్లో చేర్చుకున్నప్పుడే దానికి చట్టబలం వస్తుంది. అందువల్ల తెలంగాణలో 2012 నాటి భవన నిబంధనల జీవో 168ని, 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టాన్ని, భవన అనుమతులకు సంబంధించిన 2020 నాటి టీఎస్‌బీపాస్ చట్టాన్ని, ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2017 నాటి భవన నిబంధనలను, తర్వాతి సవరణలతో సహా చదవాలి. జీవోల భాష మొదట్లో విసుగు పుట్టిస్తుంది, ఓపిక పట్టండి. టీఎస్‌బీపాస్ చట్టం కింద చిన్న ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి లభిస్తుంది గనుక, ఆ ధ్రువీకరణ తప్పని తేలితే ఎదురయ్యే చిక్కులను ముందే చెప్పగలవారి అవసరం పెరుగుతుందని నా అంచనా.

ఢిల్లీ ఉపహార్ థియేటర్ కేసులో సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన తీర్పును తప్పక చదవండి. 1997 జూన్ 13న కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలైన మంటల పొగ బాల్కనీకి ఎక్కింది. 59 మంది మరణించారు. బాల్కనీ కుడివైపు దారిని మూసి ఫ్యామిలీ బాక్స్ కట్టారు, అదనపు సీట్లు వేశారు. లైసెన్సులు, అనుమతులు ఉన్నాయని చెప్పినంత మాత్రాన ప్రేక్షకుల భద్రత పట్ల యజమానుల బాధ్యత తీరిపోదని కోర్టు స్పష్టం చేసింది. సీట్ల అమరికను గీసుకుంటూ చదివితే, సివిల్ చదివిన మీకు మామూలు న్యాయ విద్యార్థికన్నా ఎక్కువ అర్థమవుతుంది.

ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే టౌన్ ప్లానింగ్ విభాగంలోని టీపీబీవో (టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్‌సీర్) పోస్టుల ప్రకటనలను గమనిస్తూ ఉండండి. ప్రణాళిక వైపు మొగ్గితే విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఎంప్లాన్ (ప్రణాళికలో పీజీ) ఉంది. స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ మాత్రం మంచి చదువే అయినా మీరు అడిగిన దారికి కాస్త దూరం.

అనుభవం వచ్చాక లాసెట్ (న్యాయ కోర్సుల ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. అది రెగ్యులర్ కోర్సు, హాజరు తప్పనిసరి. పైగా పూర్తికాలపు జీతం ఉద్యోగంలో ఉంటూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. అందుచేత ఆ మూడేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బు ముందుగా పనిచేసే ఆ ఒకటి రెండేళ్ల జీతంలోంచే పక్కన పెట్టండి.