మోకీలు మార్పిడికి ముందు నీకు చెప్పవలసినవి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మకు వచ్చే నెలలో కుడి మోకీలు మార్పిడి చేయించాలని నిశ్చయించారని, ఆ తర్వాత వచ్చే చిక్కులను తలచుకుంటే నీకు నిద్ర పట్టడం లేదని రాశావు. నేను రెండు మోకాళ్ళకూ ఈ ఆపరేషన్ చేయించుకున్నదాన్ని. ఎడమ కాలు ఏ ఇబ్బందీ లేకుండా కోలుకుంది. కుడి మోకాలికి చీము పట్టి మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వచ్చింది. ఈ చిక్కుల్లో చాలావాటికి మంచి వైద్యమే ఉంది. కానీ ఆ వైద్యం తేలికగా ముగుస్తుందా, నెలల తరబడి సాగుతుందా అన్నది మనం ఎన్నో రోజున సర్జనుకు చెప్పామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

నా కుడి కాలికి పదో రోజున కట్టు మీద రూపాయి బిళ్ళంత తడి కనిపించింది. చెమట అనుకున్నాను. మర్నాడు గాయం కింది కొసన రసి ఊరుతుంటే, ఆసుపత్రి దూరమని, ఇంటి దగ్గరి మందుల షాపులో అడిగి అయిదు రోజుల యాంటీబయాటిక్ మాత్రలు తెప్పించుకుని వేసుకున్నాను. తడి ఆరిపోయింది, అందరం సంతోషించాం. పదహారో రోజు సాయంత్రం వణుకుతో జ్వరం వచ్చి, మోకాలు చేయి పెట్టనివ్వనంత వేడెక్కింది. సర్జను సూదితో తీసిన నీరు బియ్యం కడిగిన కుడితిలా ఉంది. దాన్ని కల్చర్ పరీక్షకు పంపితే ఏ క్రిమీ పెరగలేదు. నేను మింగిన మాత్రలు క్రిమిని చంపలేదు, దాని ఆచూకీ మాత్రం దొరక్కుండా చేశాయి. ఏ మందు పనిచేస్తుందో తెలియక రెండు రకాలు కలిపి నరంలోకి ఎక్కించవలసి వచ్చింది.

అమర్చిన కృత్రిమ కీలులోని లోహానికి రక్తప్రసరణ ఉండదు కనుక, క్రిములు దాని మీద పొరలా అల్లుకున్నాయంటే మందు అక్కడికి సరిగా చేరదు. ఆ పొర ముదరక ముందే వెళితే కీలు తెరిచి కడిగి, మధ్యనున్న ప్లాస్టిక్ ముక్క మార్చి, లోహాన్ని నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. నాకు అదే చేశారు, ఆ తర్వాత మూడు నెలలు మందులు వాడాను. ఆలస్యమైతే మొత్తం తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మను తాత్కాలికంగా అమర్చి, వారాల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చి, క్రిమి పోయిందని తేలాక కొత్తది పెడతారు. ఇలా చీము పట్టేది నూటికి ఒకరిద్దరికే. ఆ ఒకరిద్దరిలో మీ అమ్మ ఉండకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ జాగ్రత్త ఇప్పటి నుంచే మొదలు కావాలి. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించు, 7.5 లోపు ఉంటే మంచిది, 8 దాటితే తేదీ వాయిదా వేయించు. పుచ్చిన పన్ను ఉంటే ముందే చూపించు. అమ్మ మడమల పగుళ్ళను, కాలివేళ్ళ సందుల్లోని ఒరుపును చిన్నవిగా చూడవద్దు. క్రిములకు అవే వాకిళ్ళు. గుజ్జు పెరుగుతుందని ఊళ్ళో ఎవరైనా మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే, ఎప్పుడిచ్చారో సర్జనుకు దాచకుండా చెప్పు. స్టెరాయిడ్ పడ్డ మూడు నెలల లోపు ఈ ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఖరీదైన ఇంప్లాంటు, అంటే కృత్రిమ కీలు, పెడితే చిక్కులు రావన్న మాట నమ్మకు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు హద్దు పెట్టినప్పుడు, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాక 54,720 రూపాయలు నిర్ణయించింది. చాలామందికి ఆ రకమే సరిపోతుంది. మిగిలిన డబ్బు ఫిజియోథెరపీకి ఉంచు.

రెండో భయం పిక్కలో రక్తం గడ్డకట్టడం. మొదటి రోజు నుంచే పాదాన్ని పైకీ కిందికీ ఆడించాలి, వాకర్‌తో నడవాలి, రక్తం పలచబడే మందును చెప్పినన్నాళ్ళూ మానకుండా వాడాలి. పిక్క నొప్పి అనగానే మన ఇళ్ళలో నూనె రాసి పిసుకుతారు. ఆ పని ఎవరినీ చేయనివ్వకు. పిక్క బిగుసుకుని వాచితే అదే రోజు, రక్తనాళంలో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ తీయించు. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే 108కి ఫోన్ చెయ్యి.

కీలు బిగుసుకుపోవడానికి చాలాసార్లు మన జాలే కారణమవుతుంది. నొప్పిగా ఉందంటే మోకాలి కింద దిండు పెడతాం. హాయిగా ఉంటుంది గానీ కాలు పూర్తిగా చాపుకోవడం రాకుండా పోతుంది. దిండు మడమ కింద పెట్టు. వ్యాయామానికి అరగంట ముందు నొప్పి మాత్ర వేసి, ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నా మడిచే అభ్యాసం ఆపకు. కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 డిగ్రీలైనా మడవగలగాలి. ఎంత సాధన చేసినా రాకపోతే, మూడు నెలలు దాటక ముందే మత్తు ఇచ్చి వంచుతారు. ఆ తర్వాత అది అంత తేలిక కాదు.

కుట్టు పక్క చర్మం మొద్దుబారడం, కొన్ని నెలలు వెచ్చగా ఉండడం మామూలే. పాదం పైకి లేవకపోతే మాత్రం నరం ఒత్తుకున్నట్టు. వెంటనే నర్సును పిలిచి కట్టు వదులు చేయించు.

గాయాన్ని రోజూ ఉదయం ఒకే వెలుతురులో ఫోటో తీసి ఉంచు. మీ కళ్ళకు తెలియని తేడా వరసగా చూస్తే తెలుస్తుంది. అయిదారు రోజులు దాటాక రసి కనిపిస్తే షాపుకు కాకుండా సర్జనుకు ఆ ఫోటో పంపు, ఆయన సూదితో నీరు తీసి పరీక్షించేదాకా ఒక్క యాంటీబయాటిక్ మాత్ర కూడా మీ అంతట మీరు ఇవ్వకండి. ఆ ఫోటో నాకూ పంపిస్తూ ఉండు. కుట్లు తీసే రోజుకు నేనక్కడికి వస్తాను.

మీ పెద్దమ్మ